గానుగకు బంగారు రంగు

ఏటికొప్పాక అనగానే మీకు బొమ్మలు గుర్తుకు వస్తాయి. తప్పు లేదు. అంకుడు కర్ర చెక్కి, లక్క పూసి చేసే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజమైన రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చేరు. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఆ బొమ్మలు ఢిల్లీలో శకటమెక్కి ఊరేగేయి కూడాను. అయితే వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరికి బొమ్మలతో ఎంత చుట్టరికమో, చెరకుతోనూ అంతే. 1933లోనే ఇక్కడివారు సహకార పద్ధతిమీద చక్కెర ఫ్యాక్టరీకి పూనుకున్నారు. అంతకు ముందూ, తరవాత చాలా కాలమూ కూడా, బెల్లానికి రసం తీసి పెట్టింది ఎడ్ల గానుగ. ఈ వారం నేను చెప్పబోయేది అటువంటి ఒక గానుగ సంగతి.

మా బావగారి పశువులశాల వెనక అది ఉంది. నిలువుగా నిలబడిన మూడు ఇనుప రోలర్లు, పైనా కిందా మందపాటి పోత పలకలు, ఒకదాన్నొకటి కరుచుకునే పళ్ళచక్రాలు. నడిమి రోలరు నెత్తిన దూలం బిగించి, దాని కొసకు ఎడ్లను కడితే అవి చుట్టూ తిరిగేవి. ఒక మనిషి కింద కూర్చుని గడలు అందించేవాడు. రసం ఇటు, పిప్పి అటు.

సంక్రాంతి వెళ్ళేక మా మేనకోడలి పెళ్ళి కుదిరింది. బావగారికి ఒక ఆలోచన పుట్టింది. గానుగకు బంగారు రంగు వేయించి వీధి గుమ్మంలో నిలబెడితే, వచ్చినవాళ్ళు పక్కన నిలబడి ఫోటోలు తీయించుకుంటారని. "ఏమోయ్ మాస్టారూ, ఇది మా తాతగారు సీమనుంచి తెప్పించినది. ఇంగ్లండు సరుకు. ఆ ముక్క ఒక బోర్డుమీద నాలుగు వాక్యాల్లో రాసిపెట్టు" అన్నారు.

నాకు వాక్యాలకు కరువు లేదు గాని, రాసేది నిజమవునో కాదో చూసుకోవద్దూ?

మన దేశంలో ఇనుప గానుగ కథ 1870లలో మొదలయింది. బీహారులోని బిహియాలో థామ్సన్, మిల్నె అనే ఇద్దరు దొరలు ఎడ్లతో నడిచే ఇనుప గానుగ తయారుచేయించి రైతులకు అద్దెకిచ్చేవారు. అంతవరకు మనకు ఉన్నవి రాతివీ, కర్రవీను. ఆ నమూనా పట్టుకుని తరవాత మన కార్ఖానాలే ఎన్నో పోత పోసేయి. కనక పాతదీ, ఇనుపదీ అయినంత మాత్రాన సీమ సరుకు కానక్కరలేదు. ఇనుమంటే మనవాళ్ళకు మొదట్లో భయమే. లక్ష్మణరావు కిర్లోస్కర్ 1903లో ఇనుప నాగలి చేస్తే, ఇనుము తగిలితే నేల విషమయిపోతుందని రైతులు దగ్గరకు రానివ్వలేదుట.

నేను భాష చదువుకున్నవాణ్ణి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు కూర్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, 1962 నాటిది, వ్యవసాయ పదాలది, సంచీలో పెట్టుకుని బయల్దేరేను. పరికరం పేరు పట్టుకోవడానికి అంతకన్న మంచి తోడు లేదు. పుట్టిన ఊరు పట్టుకోవాలంటే మాత్రం వస్తువునే అడగాలి. కిరసనాయిలు గుడ్డతో జిడ్డూ, పేడా తుడిచి, పోత అక్షరాలు ఎక్కడ ఉన్నాయో తడిమి చూడాలి. ఉబికిన అక్షరాలమీద పలచని కాగితం పరిచి బొగ్గుతో రుద్దితే, కంటికి కనబడనివి కాగితానికి కనబడతాయి. శాసనాలకు నకలు తీసేవారి విద్యకు ఇది చిన్న చెల్లెలు.

పై పలకమీద ఒక్క అక్షరమూ లేదు. తరవాత తెలిసింది. పదేళ్ళ కిందట దీన్ని ఒక వెల్డింగు షాపుకు పంపించేరుట. వాళ్ళు శ్రద్ధగా, తయారుచేసినవారి పేరుండే చోటనే గ్రైండరు పెట్టి నున్నగా చేసి ఇచ్చేరు. ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఆ పేరు చదవలేడు. కింది పలక అడుగున మాత్రం రెండక్షరాలు కాగితంమీద లేచేయి. ఇంగ్లీషువి కావు, నాగరివి. బావగారి మొహం చూడాలి! పెళ్ళివారిలో ఒక పెద్ద చుట్టం రావడం మానేసినట్టయిపోయింది.

ఇక రంగు. ఎండా వానా తగలని మూల ఒకటి చూసి, బ్లేడుతో పొరపొరగా మెట్లు మెట్లుగా గీకేను. పైన నీలం, దాని కింద ఆకుపచ్చ, అన్నిటికన్న అడుగున ఇటికరంగు. ఇక్కడ ఒక హెచ్చరిక. పూర్వం ఇనుముకు మొదటి పూత సిందూరం వేసేవారు. అది సీసం. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 మించకూడదని నిబంధన వచ్చింది 2016లోనే. కనక పాత రంగును పొడిగా రుద్ది దుమ్ము లేపకండి, మంటపెట్టి ఊడదీయకండి. తడిపి గీకి, పెచ్చులన్నీ ఏరి మూట కట్టాలి. పిల్లలను దూరంగా ఉంచాలి, పశువులను మరీని. ఆవు ఆ పెచ్చులు నాకితే ప్రాణానికే ముప్పు.

సందు దొరికింది కదా అని, బొమ్మలు చేసే ఒకాయనను అడిగేను, మీ లక్క దీనికి పట్టదా అని. ఆయన నవ్వేడు. "మా కర్ర గిర్రున తిరుగుతాది మాస్టారూ. ఆ ఒరిపిడికి వేడి పుట్టి లక్క కరుగుతాది, ఆపైన మొగలాకుతో మెరుగు పెడతాం. మీ గానుగని ఎవుడు తిప్పుతాడు?"

తిప్పినవాళ్ళలో ఒకాయన ఊళ్ళోనే ఉన్నాడు. ఎనభై దాటేయి. చిన్నతనంలో ఈ గానుగకే గడలు అందించేడు. బంగారు రంగు మాట విని కర్ర పట్టుకుని వచ్చేడు. కుడిచేయి చాపేడు. చిటికెన వేలూ, దాని పక్కదీ లేవు. తెల్లవారుజామున నిద్రమత్తులో గడతోపాటు వేళ్ళూ వెళ్ళేయిట. ఎడ్లను ఆపేలోగానే అయిపోయింది.

"దీనికి బంగారు రంగా బాబూ?" అన్నాడు. అంతకన్న ఏమీ అనలేదు.

బావగారు చాలాసేపు మాటాడలేదు. ఆ సాయంత్రమే బజారునుంచి వచ్చిన బంగారు రంగు డబ్బాలు వెనక్కి వెళ్ళేయి. తుప్పు గీకించి, రెడ్ ఆక్సైడు ఒక పూత వేయించి, బాగా ఆరేక ఇటికరంగు రెండు పూతలు పలచగా వేయించేం. రోలర్లకూ, పళ్ళకూ రంగు తగలనివ్వలేదు. గ్రీజు రాసి వదిలేం. పాత పొరలు కనబడే ఆ అరచేతి మేర మూల అలాగే ఉంచేం. బోర్డుమీద ఇంగ్లండు లేదు.

పెళ్ళినాడు ముసలాయన వచ్చి గానుగ చుట్టూ ఒకసారి తిరిగేడు. రంగును గురించి ఏమీ చెప్పలేదు. "దూలమేదీ?" అని అడిగేడు. లేదన్నాను. "మరి కట్టించండి. లేపోతే ఇదేటో పిల్లలకెలా తెలుస్తాది?" అని, పందిట్లోకి వెళ్ళి భోజనానికి కూర్చున్నాడు.