మాంద్యకాలమున యజమాని ధర్మము

ఆదివారము దేవాలయమున మోకరిల్లి, సోమవారము పనివాని చేతికి తొలగింపు కాగితమిచ్చు యజమాని క్రైస్తవుడగునా? కాడని తొందరపడి చెప్పరాదు. వ్యాపారమే మునిగిన పిదప పనియు నుండదు, కూలియు నుండదు. కాని యా కాగితము వ్రాయుటకు ముందు తానేమి వదులుకొనెనని యాతని నడుగుట న్యాయము. లాభములు వచ్చునాడు ఉదారులు కానివారెవరు? నష్టకాలముననే ధర్మము తేలును.

ఇంగ్లండులోని యార్కు పట్టణమున చాక్లెట్టు వర్తకము చేసిన రౌంట్రీ కుటుంబమువారు క్వేకరు మతస్థులు. జోసెఫ్ రౌంట్రీ 1904లో తన యాస్తిలో దాదాపు సగము ధర్మనిధులకు వ్రాసియిచ్చెను. 1906లో పనివారికి పింఛను నిధి నేర్పరచెను. ఆయన కుమారుడు సీబోం రౌంట్రీ 1901లో ప్రకటించిన గ్రంథమున, యార్కు బీదల యిండ్లను పరిశీలించి, కడు బీదరికమునకు పెద్ద కారణము సోమరితనము గాక చాలీచాలని కూలియేయని నిరూపించెను. యుద్ధానంతర మాంద్యము ముసిరిన 1921లో ఆ కంపెనీ, సర్కారువారి నిరుద్యోగ భృతికి తోడు తన సొమ్ముతో మరికొంత భృతి యిచ్చు పద్ధతిని నెలకొల్పెను.

ఇందలి విశేషమును గమనింపుడు. పని పోవుట యొకప్పుడు తప్పదని ఆ పద్ధతి యొప్పుకొనుచునే యున్నది. ఆ దెబ్బను కార్మికుని ఆలుబిడ్డలే మోయవలెనన్న మాటను మాత్ర మొప్పుకొనలేదు. భిక్షము నేడిచ్చి రేపు మానవచ్చును. నియమమైనచో పనివాడు తలయెత్తి యడుగగలడు.

దయగల యజమాని యుండగా నియమమెందుకని కొందరందురు. బోర్న్‌విల్లులో కాడ్‌బరీవారు, క్వేకరులే, తోటలతో కూడిన యిండ్లు కట్టించిరి; పనివారిని బిడ్డలవలె చూచిరని పేరుగాంచిరి. అయినను పెండ్లియాడిన స్త్రీ యా కర్మాగారమున పని మానవలసినదే. బైబిలును, పువ్వును చేతికిచ్చి సాగనంపెడివారు. ఆ మన్ననలో ప్రేమ యుండవచ్చును, ఆమె హక్కు మాత్రము లేదు. దయ యజమాని కిష్టమైనంత దూరమే నడచును.

కంపెనీ బ్రతుకవలదా యందురా? బ్రతుకవలెను. అందుకే త్యాగమునకొక వరుస యుండవలెను. మొదట భాగస్థుల లాభము తగ్గవలెను. పిదప పెద్ద జీతములు. ఆపైన పనిగంటలు అందరును పంచుకొనవలెను. తొలగింపు కట్టకడపటిది. పనిగంటలు పంచుట కలగాదు. అమెరికాలో కెల్లాగు కంపెనీ 1930 డిసెంబరులో, ఎనిమిది గంటల వంతులు మూడింటిని ఆరు గంటల వంతులు నాలుగుగా మార్చి, మరికొందరికి పని కల్పించెను. నేడు పెక్కు సంస్థలలో ఈ వరుస తలక్రిందులై, అడుగువాడే మొదట పోవుచున్నాడు.

ద్రాక్షతోట యజమాని ఉపమానము క్రైస్తవులందరు నెరిగినదే. ఎవరును పిలువనందున సాయంకాలమువరకు నిలిచిపోయిన కూలివానికిని ఆ యజమాని పూర్తి దినపు కూలి నిచ్చెను. ఆ కథను విని తలయూపిన చేయి, జీతముల పుస్తకముపై నేల వణకవలెను?

చదువరులారా, ఈ ప్రశ్న క్రైస్తవులకే గాదు, కర్మాగారముల కే గాదు. 2020 మార్చిలో దేశమెల్ల లాక్‌డౌను విధింపబడినపుడు, రావలదని చెప్పిన పనిమనిషికి నెలజీతము తప్పక యిచ్చిన యిండ్లెన్ని? మన యింటి పద్దు పుస్తకమును తెరచి, పిమ్మట కంపెనీవారిని నిలదీయుదము.