కుటుంబ ఆరోగ్యం: అరచేతులను దాచుకోకండి



కాన్సరు మందుల వలన జుట్టు రాలుతుందనీ, వాంతులవుతాయనీ మన గ్రామాలలో చాలామందికి తెలుసు. చేతులు కూడా బాధపడతాయని తెలిసినవారు తక్కువ. అందుచేత ఒక సోదరి అరచేతులు ఎర్రబడి, చర్మం పొరలుగా ఊడుతుంటే, ఇరుగుపొరుగువారు కుష్టేమోనని గుసగుసలాడతారు. ఆమె ఆరాధనకు వచ్చినా చేతులు కొంగుచాటున దాచుకొంటుంది. ఇది అంటువ్యాధి కాదు. ఆమె చేయి పట్టుకొని పలకరించవచ్చు.

రొమ్ము కాన్సరుకు, పెద్దప్రేగు కాన్సరుకు డాక్టర్లు తరచుగా కాపెసిటబిన్ మాత్రలు ఇస్తారు. సాధారణంగా వీటిని రోజుకు రెండుసార్లు, భోజనమైన అరగంటలోపు, 14 రోజులు వేసుకొని 7 రోజులు విరామమిస్తారు. ఈ మందు కాన్సరు కణాలను దెబ్బతీస్తుంది. అయితే అరచేతుల, అరికాళ్ల చర్మం మీద కూడా దాని ప్రభావం పడుతుంది. వాడినవారిలో సగం మందికి పైగా ఈ బాధ ఎంతోకొంత కలుగుతుంది. దీనిని హ్యాండ్-ఫుట్ సిండ్రోమ్ అంటారు.

మొదట తిమ్మిరి, మంట, ఎరుపు కనిపిస్తాయి. తరువాత వాపు, నొప్పి వచ్చి పనులు కష్టమవుతాయి. ముదిరితే బొబ్బలు లేచి, చర్మం పగిలి, అన్నం కలుపుకొనడం కూడా దుర్లభమవుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. చెబితే మందు ఆపేస్తారేమోనని కొందరు నోరు విప్పరు. మరికొందరు ఎవరికీ చెప్పకుండా తామే మాత్రలు మానేస్తారు. రెండూ ప్రమాదమే. నొప్పి మొదలైన వెంటనే డాక్టరుకు తెలపండి. ఆయన కొద్దిరోజులు మందు ఆపి, చర్మం కుదుటపడ్డాక అవసరమైతే మోతాదు తగ్గించి మళ్లీ ఇస్తారు. చికిత్స ముగిసిపోయినట్లు కాదు.

ఇంటివద్ద ఈ జాగ్రత్తలు తీసుకోండి. చేతులను వేడినీళ్లలో పెట్టవద్దు. బట్టలుతకడం, అంట్లు తోమడం, పార పట్టడం, కొడవలితో కోయడం వంటి రాపిడి పనులు ఇంటిలోని ఇతరులు చేయాలి. వాసనలేని క్రీము గాని వాజిలైన్ గాని మెల్లగా పూయండి, గట్టిగా రుద్దకండి. మెత్తని, వదులైన చెప్పులు తొడగండి. బొబ్బలు చిదమవద్దు. ఆకు పసర్లు పూయవద్దు.

మన దేశంలోనే మరొక మేలైన విషయం తెలిసింది. ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు 264 మంది రోగులను పరిశీలించి 2024లో ఫలితాలు ప్రకటించారు. 1 శాతం డైక్లోఫెనాక్ జెల్ రోజుకు రెండుసార్లు పూసుకొన్నవారిలో ఈ బాధ ఓ మోస్తరుగా గాని తీవ్రంగా గాని వచ్చింది 3.8 శాతం మందికే. మందులేని జెల్ పూసుకొన్నవారిలో 15 శాతం మందికి. మీ డాక్టరునడిగిన తరువాతే దీనిని వాడండి.

ఇంకొక వింత సంగతి. ఈ మాత్రల వలన కొందరికి వేలిముద్రలు చెరిగిపోతాయి. 2008 డిసెంబరులో సింగపూరు నుండి అమెరికాకు వెళ్లిన 62 ఏళ్ల రోగిని, వేలిముద్రలు కనబడనందున, విమానాశ్రయ అధికారులు నాలుగు గంటలు నిలిపివేశారు. మన ఊరిలో ఈ చిక్కు రేషను దుకాణం వద్ద ఎదురవుతుంది. యంత్రం వేలును గుర్తించకపోతే ఉత్తచేతులతో తిరిగి రావద్దు. వేలిముద్ర పడనివారికి కనుపాప ద్వారా గాని, ఫోనుకు వచ్చే ఓటీపీ ద్వారా గాని గుర్తింపు జరపాలని, అదీ కుదరకపోతే రిజిస్టరులో వ్రాసుకొని సరుకులివ్వాలని ఆధార్ సంస్థ 2017 అక్టోబరు 24న ఆదేశించింది. ముందుగానే డాక్టరు చీటీ దగ్గరుంచుకొని, ఫోను నంబరును ఆధార్‌కు జతచేయించుకోండి. మందు ఆపిన కొద్ది వారాలకు ముద్రలు తిరిగి వచ్చినవారు ఉన్నారు.

సంఘములోని సోదరీ సోదరులారా, అటువంటి వారి కొరకు ప్రార్థన చేయడంతోపాటు రెండు బిందెల నీళ్లు తోడిపెట్టండి, వారి బట్టలు ఉతికిపెట్టండి. రేషను దుకాణానికి తోడు వెళ్లండి. ఆ చేతులు కోలుకొనేవరకు మన చేతులే వారి చేతులు కావాలి.