రాజుగారి చుట్టం... జిల్లేడు మీద!

'నీ ఇంట జిల్లేళ్లు మొలవ' అంటే మనవాళ్లకి పెద్ద తిట్టు. ఇల్లు పాడుబడిపోవాలన్న శాపం. అదే మాట ఓ సీతాకోకచిలుకని అంటే మాత్రం, అంతకన్నా దీవెన ఉండదు. ఎందుకంటే దాని పిల్లలకి జిల్లేడే ఉయ్యాల, జిల్లేడే అన్నం!

ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ వైపు వెళ్తుంటే కొత్త ఇళ్ల మధ్య ఖాళీ ప్లాట్లు కనిపిస్తాయి. హద్దురాళ్లు, ఇసుక కుప్పలు, వాటి పక్కన జిల్లేడు పొదలు. ఎండెక్కాక అలాంటి చోట కాసేపు ఆగితే నారింజరంగు రెక్కలూ, నల్లని కొసల్లో తెల్లమచ్చలూ ఉన్న సీతాకోకచిలుక తీరిగ్గా ఎగురుతూ కనిపించొచ్చు. దాని పేరు ప్లెయిన్ టైగర్. అమెరికాలో పేరుమోసిన మోనార్క్‌కి ఇది దగ్గరి చుట్టం. మోనార్క్ అంటే రాజు. శాస్త్రజ్ఞుల లెక్కల్లో రెండింటి ఇంటిపేరూ ఒకటే... డానాస్.

రాజుగారి యాత్ర లోకప్రసిద్ధం. చలికాలం వస్తోందనగానే కెనడా, అమెరికాల నుంచి బయల్దేరి, నాలుగు వేల కిలోమీటర్ల దాకా ఎగిరి మెక్సికో కొండల్లోని ఫర్ చెట్ల మీద గుంపులుగా వాలతాయి. ఆ చోటు స్థానికులకు తెలిసినా, శాస్త్రజ్ఞుల కంటపడింది మాత్రం 1975లోనే. మన టైగర్‌కి అంత యాత్ర లేదు. కానీ బతుకుతెరువు ఒకటే: రెండూ జిల్లేడు కుటుంబపు పాలమొక్కల మీదే గుడ్లు పెడతాయి.

తల్లి ఒక్కో ఆకు కింద ఒక్కో గుడ్డు పెడుతుంది. మూడు నాలుగు రోజులకి బయటికొచ్చిన పురుగు ముందు గుడ్డు పెంకునే తినేస్తుంది. తర్వాత ఆకుల పని పడుతుంది. నలుపు, తెలుపు, పసుపు చారలతో, ఒంటి మీద మూడు జతల నల్లని కొమ్ముల్లాంటి వాటితో భలే ఉంటుంది. జిల్లేడు పాలు జిగురు కదా, నోరు అంటుకుపోదూ? అందుకే ముందు ఆకు ఈనెని కొరికి పాలధార ఆపి, ఆపైన తింటుంది! నాలుగుసార్లు చర్మం విడిచాక ప్యూపాగా మారి వేలాడుతుంది. గుడ్డు నుంచి రెక్కల దాకా అంతా మూడు నాలుగు వారాల పని.

ఆ పాలలోని విషమే దానికి కవచం. పురుగు ఒంట్లో చేరిన విషం రెక్కలొచ్చాకా ఉంటుంది. ఒకసారి రుచిచూసిన పక్షి మళ్లీ ఆ రంగు జోలికి రాదు. అందుకే దానికి ఎగరడంలో తొందరుండదు. విషం లేని డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడవి కూడా అచ్చం ఇదే వేషం వేసుకుని తప్పించుకుంటాయి.

ఇంత తెలివైన ప్రాణికి ఉన్న బలహీనత ఒక్కటే. పాలమొక్క లేకపోతే పిల్ల లేదు. అమెరికాలో మొక్కజొన్న, సోయా పొలాల్లో కలుపుమందులు కొట్టి పాలమొక్కల్ని తుడిచిపెట్టడం మోనార్క్‌లు తగ్గిపోవడానికి ఒక ముఖ్య కారణం. నగర శివార్లలో ఆ పని కలుపుమందుకి బదులు జేసీబీ చేస్తోంది. ఇల్లు కట్టుకోవద్దని ఎవరూ అనరు. కానీ కట్టేదాకా ప్లాటు 'శుభ్రం'గా ఉండాలని ఏటా పొదలన్నీ నరికించడం అవసరమా? ప్రహరీ మూలన రెండు మొక్కలు వదిలినా చాలు. పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి పిల్లల్ని మాత్రం ముట్టుకోనివ్వకూడదు.

అసలు జిల్లేడుని మనం పూర్తిగా వెలివేసిందెప్పుడు? వినాయకచవితి పత్రిలో అర్కపత్రం ఉంటుంది. రథసప్తమి స్నానానికి తలమీద ఏడు జిల్లేడాకులు పెట్టుకుంటాం. ఈసారి ఆకు కోసేముందు ఒక్కసారి తిప్పి చూడండి. కింద గుడ్డో, చారల పురుగో ఉంటే... ఆ కొమ్మని దానికొదిలేసి పక్క కొమ్మ కోసుకుంటే సరి!