విత్తనం మన చేతికి రావాలి

పోస్టు పొడుగుంది, అయినా చివరిదాకా చదవండి. కర్నూలు, కడప తాండాల నుంచి, నల్లమల చెంచు గూడేల నుంచి, ఎరుకల, యానాది కాలనీల నుంచి వచ్చి డిప్లొమా, డిగ్రీ, బీటెక్ చదువుతున్న మన పిల్లలందరి కోసం రాస్తున్నాము.

మనకు కంప్యూటర్ నేర్పిస్తామని వచ్చే ప్రతి కోర్సూ ఒకే చోట ఆగిపోతాంది. టైపింగ్, ఎక్సెల్, డేటా ఎంట్రీ, ఆన్‌లైన్ ఫారాలు నింపడం. "మీకు ఇంతవరకు చాలప్పా, తొందరగా పని దొరుకుతుంది" అంటారు. ఆ పనులు తక్కువవని మేము అనడం లేదు, వాటితోనే ఎన్నో ఇండ్లు గడుస్తున్నాయి. మా ప్రశ్న ఒకటే: "ఇంతవరకు చాలు" అనే గీత గీసింది ఎవరు? గీతకు అవతల ఏముందో మనకు చూపించి గీశారా?

అవతల ఉన్నదాంట్లో ఒక్కటి చెప్తాము. దాని పేరు మెసా.

స్క్రీన్ మీద ఏ బొమ్మ రావాలన్నా ప్రోగ్రామ్ అడగాలి, గ్రాఫిక్స్ చిప్ గీయాలి. ఈ ఇద్దరికీ భాష కలవదు. లినక్స్‌లో ఓపెన్‌జీఎల్, వల్కన్ లెక్కన ప్రోగ్రామ్ అడిగినదాన్ని చిప్‌కు అర్థమయ్యేలా మార్చేది మెసా. దాని కిందుండే లిబ్‌డీఆర్ఎం అనే చిన్న లైబ్రరీ కెర్నెల్‌తో మాట్లాడుతుంది. బ్రయాన్ పాల్ అనే ప్రోగ్రామర్ 1993లో ఖాళీ సమయంలో మెసా మొదలుపెట్టి, 1995లో బయటికి వదిలాడు. ఈ రోజు దాని కోడ్ మొత్తం బహిరంగంగా ఉంది. ఎవరైనా దించుకోవచ్చు, చదవచ్చు, మార్చవచ్చు. కులం సర్టిఫికెట్ అడగరు, ఫీజు అడగరు.

మన పెద్దోళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. కొర్ర పిండి కొంటే ఒక పూట గడుస్తుంది. కొర్ర విత్తనం ఇంట్లో ఉంటే వచ్చే ఏడూ గడుస్తుంది. రెడీమేడ్ ప్యాకేజీ పిండి లాంటిది. సోర్స్ కోడ్ విత్తనం. మనకు పిండి వాడకం మాత్రమే నేర్పి, విత్తడం నేర్పకుండా వదిలేస్తున్నారు.

"ఇదంతా మనకెందుకు?" అంటారా? కాలేజీల్లో, హాస్టళ్ళలో మూలన పడున్న పాత సిస్టమ్‌లు చూడండి. "గ్రాఫిక్స్ సపోర్ట్ లేదు, స్క్రాప్ కింద రాసేయండి" అంటారు. చిప్ చచ్చిందా, డ్రైవర్ దొరకలేదా అని చూసే నాథుడు ఉండడు. 2022లో వచ్చిన మెసా 22.0లో పాత క్లాసిక్ డ్రైవర్లు తీసేసిన మాట నిజమే. కానీ వాటిని అంబర్ అనే వేరే బ్రాంచ్‌లో దాచి ఉంచారు. అంతకు ముందే, 2021లో, సుమారు 2006 నుంచి 2013 దాకా వచ్చిన ఇంటెల్ చిప్‌ల కోసం క్రోకస్ అనే కొత్త డ్రైవర్ మెసాలో చేరింది. అమ్మినోళ్ళు మర్చిపోయిన చిప్‌ల కోసం ఎవరో కూర్చుని కోడ్ రాశారు. మరి మన ల్యాబ్‌లో ఆ చిప్ స్క్రాప్ ఎట్లయింది?

పరీక్ష చేయడం సులభం. లినక్స్ టెర్మినల్‌లో జీఎల్ఎక్స్ఇన్ఫో నడపండి. రెండరర్ అన్న వరుసలో ఎల్ఎల్‌వీఎంపైప్ అని వస్తే, చిప్ ఖాళీగా కూర్చుంది, గీసే బరువంతా ప్రాసెసర్ మోస్తాంది అని అర్థం. సరైన డ్రైవర్ దొరికితే ఆ బరువు దిగుతుంది.

ఇప్పుడు బిల్డ్ సంగతి. మెసా టార్‌బాల్ పదుల ఎంబీల్లోనే ఉంటుంది, ఒక సినిమా దించుకునే డేటా కంటే చాలా తక్కువ. ముందు లిబ్‌డీఆర్ఎం, తర్వాత మెసా. కొత్త మెసా కొత్త లిబ్‌డీఆర్ఎం అడుగుతుంది కాబట్టి ఈ వరుస. మెసన్ అనే టూల్ ఏమేం కావాలో లెక్క చూస్తుంది, నింజా కంపైల్ చేస్తుంది. అన్ని డ్రైవర్లూ కట్టనక్కర లేదు. మన చిప్‌కు కావలసింది ఒక్కటే ఎంచుకుంటే టైమ్ చాలా తగ్గుతుంది. ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉంటే నింజాకు రెండు పనులు మించి ఒకేసారి ఇవ్వొద్దు, లేకుంటే సిస్టమ్ బిగుసుకుపోతుంది. ప్రిఫిక్స్ అనే ఆప్షన్‌తో సొంత హోమ్ ఫోల్డర్‌లోనే ఇన్‌స్టాల్ చేయండి. కట్టడానికి కావలసిన టూల్స్ ముందే ఉంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అక్కర లేదు. నచ్చకపోతే ఫోల్డర్ తీసేస్తే సరి, అసలు సిస్టమ్‌కు ఏమీ కాదు.

మధ్యలో "డిపెండెన్సీ నాట్ ఫౌండ్" అని ఆగుతుంది. తప్పకుండా ఆగుతుంది. అక్కడే మనలో చాలామంది "మన ఇంగ్లీష్ చాలదు" అని మూసేస్తారు. ఆ ఎర్రర్ హైదరాబాద్ కాన్వెంట్ పిల్లోడికీ మొదటిసారి అర్థం కాదు. అది ఇంగ్లీష్ పరీక్ష కాదు. ఏ లైబ్రరీ లేదో పేరు పెట్టి చెప్తాంది. ఆ పేరు పట్టుకుని, దాని డెవలప్‌మెంట్ ప్యాకేజీ వేసి, మళ్ళీ మొదలుపెట్టాలి. బోరు వేసేటప్పుడు బండ తగిలిందని మన వాళ్ళు ఊరు వదిలిపోరు కదా!

కొందరు సీనియర్లు అడుగుతారు: "ప్యాకేజీ ఒక్క కమాండ్‌తో వస్తుంది, ఇంత తిప్పలు ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. రోజువారీ వాడకానికి ప్యాకేజీనే వేసుకోండి. కానీ ప్యాకేజీ కట్టేవాడు మన చిప్ డ్రైవర్‌ను వదిలేసిన రోజు ఎవరి కాళ్ళు పట్టుకుంటారు? ఇది నేర్చుకుంటే రేపే ఉద్యోగం వస్తుందని మేము అబద్ధం చెప్పము. కానీ ఎర్రర్ చదవడం, కోడ్ వెతకడం, తప్పు ఎక్కడుందో పట్టడం వచ్చినోడిని డేటా ఎంట్రీ కుర్చీలో ఎవరూ కట్టిపడేయలేరు.

ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ 2008లో వచ్చింది. కర్నూలులో ట్రిపుల్ ఐటీ డీఎం 2015లో వచ్చింది. రెండూ మన గడపలోనే ఉన్నాయి. అక్కడ చదివే మన అన్నలు, అక్కలు సెలవులకు వచ్చినప్పుడు ఒక్క రోజు హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఇవ్వాలి.

మా డిమాండ్ ఇదీ. ఏ సిస్టమ్‌నైనా స్క్రాప్ కింద రాసే ముందు ఒక నెల మన విద్యార్థుల చేతికివ్వాలి. ప్రతి గిరిజన హాస్టల్‌లో ఒక్క మెషిన్‌నైనా లినక్స్‌తో, కంపైలర్‌తో, తాళం లేకుండా వదలాలి. వార్డెన్‌కు, కాలేజీకి లెటర్ రాయండి, పది మంది సంతకాలు పెట్టండి. ఎవరి దగ్గర పాత ల్యాప్‌టాప్ ఉందో, రెండరర్ వరుసలో ఏం వచ్చిందో ఈ పోస్టు కిందనే రాయండి. ఈ ఆదివారం నుంచే మొదలుపెడదాం.