నడిచే కంప్యూటరుకు సెలవు చీటీ

తలుపుల వంటి మండల కేంద్రాల్లో జెరాక్సు దుకాణాల్లోను, ఎరువుల అంగళ్లలోను, ఆన్‌లైన్ సేవా కేంద్రాల్లోను విండోస్ 10తో పనిచేసే కంప్యూటర్లు చాలానే ఉన్నాయి. 2015లో వచ్చిన ఈ విండోస్‌కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ కంపెనీ సెలవు చెప్పింది. ఇళ్లలోని కంప్యూటర్లకు మరో ఏడాది గడువు ఇచ్చినా అది వాయిదాయే గాని పరిష్కారం కాదు.

గడువు తీరగానే కంప్యూటరు ఆగిపోదు. కాని దొంగలు కనిపెట్టే కొత్త కన్నాలను పూడ్చేవారుండరు. రైతు ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, పాసుపుస్తకం వివరాలు ఎక్కేది ఆ కంప్యూటర్లలోనే. కాబట్టి ఇది దుకాణదారు ఒక్కడి సమస్య కాదు.

విండోస్ 11కు మారుదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. 2017కు ముందు వచ్చిన ప్రాసెసర్లు దాదాపు అన్నీ అనర్హమే. సొంతంగా ప్రోగ్రాములు రాసుకునే నా బోటివారు విండోస్‌లో మెచ్చుకునే గుణం ఒకటుంది. ఇరవై ఏళ్ల కిందట రాసిన ప్రోగ్రాములు చాలావరకు విండోస్ 11లోనూ నడుస్తాయి. ప్రోగ్రాము పాతదైనా చెల్లుతుంది గాని, యంత్రం పాతదైతే చెల్లదట! దున్నుతున్న ఎద్దును సంతకు తోలడం ఏం న్యాయం?

2014 నుంచి ఆ కంపెనీని నడుపుతున్న సత్య నాదెళ్ల తండ్రి, ఐ.ఎ.ఎస్. అధికారి యుగంధర్‌ది అనంతపురం జిల్లా బుక్కాపురం. మన మెట్ట పల్లెల్లో ఒక కంప్యూటరు కొనడం ఎంత భారమో ఆ కుటుంబానికి ఒకరు చెప్పవలసిన పని లేదు.

మరో దారి ఉంది. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ ఉచితం. పాత యంత్రాల మీదా నడిచే రకాలున్నాయి. తెలుగులో టైపు చేయవచ్చు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా దీన్నే వాడుతున్నాయి. అయితే లెక్కలు రాసే ట్యాలీ, అచ్చుపనికి వాడే అను ఫాంట్లు విండోస్ కోసం చేసినవి. వేలిముద్ర యంత్రాలు కొన్ని లినక్స్‌తో పనిచేయవు. ఇవి అవసరమైన దుకాణదారుకు లినక్స్‌కు మారమని సలహా ఇవ్వడం తేలికే గాని, అతనికి పని జరగదు.

అందుచేత తప్పు దిద్దుకోవలసింది ముందు ప్రోగ్రాములు రాసేవారు. ఒక్క విండోస్‌కే కట్టిపడేయకుండా ఎందులోనైనా నడిచేలా రాయాలి. ప్రజల సొమ్ముతో ప్రోగ్రాములు, వేలిముద్ర యంత్రాలు తెప్పించే అధికారులు ఈ షరతు పెట్టాలి. పాఠశాలల్లోని పాత కంప్యూటర్లను తుక్కుకు వేసే ముందు లినక్స్ వేసి చూడాలి. దుకాణదారులు కూడా అప్పు చేసి కొత్తది కొనే ముందు, తమ పనికి విండోస్ తప్పనిసరా అని తెలిసినవారిని అడగడం మంచిది.