సూట్‌కేసులో వంటిల్లు

కోపం వస్తే రానివ్వండి, ఈ మాట అనక తప్పదు. మన ఆడవాళ్ళం ఏ ఊరెళ్ళినా వంటింటిని ఇంట్లో వదిలి వెళ్ళం.

2018 నవంబరులో టోకియోలో మా అమ్మాయి దగ్గరున్నాను. 23వ తేదీ శుక్రవారం సెలవొచ్చింది. శని, ఆదివారాలతో మూడు రోజులు. ఒసాకా ప్రయాణం కట్టాం. 515 కిలోమీటర్ల దూరం, బులెట్ రైలు రెండున్నర గంటల్లో దింపేస్తుంది. అంతమాత్రానికి అమ్మాయి అర్ధరాత్రి దాకా పులిహోర కలిపింది, చపాతీలు వత్తింది, చిన్న రైస్ కుక్కర్ని తువ్వాల్లో చుట్టి పెట్టెలో సర్దింది. పొడులు, ఆవకాయ సరేసరి.

ఎవరి కోసమనుకున్నారు? ఆ దేశం వెళ్ళాక అల్లుడుగారూ పిల్లలూ చేపలకి అలవాటుపడ్డారు. శాకాహారిని నేనొక్కదాన్నే! భయం మాత్రం ఉత్తది కాదు. అక్కడ కూరగాయల పులుసనుకున్న దాంట్లో కూడా తరచు ఎండు చేప మరిగించిన నీళ్ళుంటాయి. దాషీ అంటారు.

శనివారం అల్లుడుగారు పిల్లల్ని తీసుకుని కోట చూడ్డానికి వెళ్ళారు. హిదెయోషి 1583లో మొదలుపెట్టిన కోట. ఇప్పుడున్న బురుజు 1931లో కాంక్రీటుతో కట్టిందట, లిఫ్టు కూడా ఉందట. అన్నీ "ట"లే, వాళ్ళొచ్చి చెప్పినవి. ఆ సమయంలో మా అమ్మాయి హోటలు గదిలో, పొగ వస్తే మోగే గంట వైపు బెదురుగా చూస్తూ, బియ్యం కడుగుతోంది. ఒసాకాకి "దేశానికి వంటిల్లు" అని పాతకాలం నుంచీ పేరు. అంత వంటిల్లున్న ఊళ్ళో దీనికి దీని కుక్కరే గతి అయింది!

ఇంతకీ ఆ సెలవు దేనికో తెలుసా? పూర్వం కొత్త బియ్యం దేవుళ్ళకి నివేదించే పండుగ. 1948లో చట్టం చేసి, శ్రమకు కృతజ్ఞత చెప్పుకునే రోజుగా మార్చారు. మా ఇంట్లో చెప్పినవాళ్ళెవరూ లేరు, నాతో సహా.

"బయటి తిండి పడదండీ" అంటారు. పడనివాళ్ళు వండుకోవచ్చుగా? నాకు పడదు, వండుతున్నది అది. నా నియమానికి దాని సెలవు ఖర్చు!

లేచి కుక్కరు ప్లగ్గు పీకేశాను. కింద కొట్లో వేడిచేసుకు తినే తెల్లన్నం డబ్బాలు, తీపిలేని పెరుగు, ఉమెబోషి అనే ఉప్పులో ఊరిన పుల్లటి కాయలూ దొరికాయి. ఆ కాయల్లో కొన్ని రకాలకి చేప రసం కలుపుతారు, అమ్మాయి అట్ట మీది అక్షరాలు చదివి మరీ ఏరింది. పెరుగన్నం, ఊరగాయ. పది నిమిషాల్లో భోజనం ముగించి, దీపాలు వెలిగేదాకా దొతోంబొరి కాలవ గట్టున ఇద్దరం తిరిగాం.

మర్నాడు అది ఒక్కతే కోటకి వెళ్ళింది. పిల్లలు మా దగ్గరే. పన్నెండయ్యేసరికి అల్లుడుగారు, "పులిహోర ఇంకా ఉందా అత్తయ్యగారూ?" అన్నారు.

"కింద కొట్లో అన్నం ఉంది బాబూ. నాక్కూడా ఒక డబ్బా పట్టుకురండి" అన్నాను.