అద్దెయింట వైఫై



మా అద్దెయింట వైఫై పెట్టె వీథిగదిలో ఇనుపబీరువా వెనుక నుండెను. కడపటి గదిలో పాఠము వినుచున్న మా అమ్మాయికి ఉపాధ్యాయుని మాట మాటిమాటికి తెగిపోవుచుండెను. పరీక్షలా సమీపించినవి. గోడకు మేకు కొట్టరాదని యింటివారి నిబంధన.

మావారు హెచ్చువేగమునకు హెచ్చురుసుము చెల్లింతమనిరి. కాని దోషము పెట్టె యున్నచోటనే కలదు. ఇనుము తరంగముల నడ్డగించును. గోడలు వానిని క్షీణింపజేయును. పొడవైన తీగను గోడవెంబడి నేలమీదుగా పఱపించి, పెట్టెను నడిమిగదిలో అలమరపై నుంచితిని. 5 గిగాహెర్ట్జ్ తరంగము వేగవంతమే గాని గోడలు దాటుటలో దుర్బలము. దూరపు గదికి 2.4 మేలు.

అప్పటికిని చాలనిచో రిపీటరును నడుమ నుంచవలయును గాని, సంకేత మందనిచోట గాదు. తనకే అందనిదానిని అది యెట్లు పంచిపెట్టును?

ఇప్పుడు పాఠము తెగుట లేదు. గోడకొక మేకైనను దిగలేదు. రుసుము పెంచుటకు మున్ను స్థానము నరయుడు.